పడుకున్న ఆపిల్ చెట్టు: ధ్రువ ప్రాంతపు చలిలో పండ్లు ఎలా కాస్తాయి?

సైబీరియాలో యెనిసెయ్ నది ఒడ్డున క్రాస్నోయార్స్క్ అనే నగరం ఉంది. దాని శివార్లలో వందేళ్లు దాటిన ఒక ఆపిల్ తోట ఉంది. అక్కడి పాత చెట్లు మనం ఊహించుకునే ఆపిల్ చెట్లలా ఉండవు. మాను నేలకు దాదాపు ఆనుకుని ఉంటుంది. కొమ్మలు గుమ్మడి పాదులా నాలుగు వైపులా పాకి ఉంటాయి. కాయ కోయాలంటే నిచ్చెన అక్కర్లేదు, వంగితే చాలు. 1904లో వ్సెవొలోద్ క్రుతోవ్‌స్కీ అనే తోటమాలి ఈ తోట మొదలుపెట్టి, చెట్లను ఇలా పడుకోబెట్టి పెంచారు.

ఎందుకు పడుకోబెట్టారు? అక్కడ చలికాలంలో గాలి మైనస్ 40 డిగ్రీల దాకా దిగే రోజులు ఉంటాయి. నిలబడిన చెట్టుకు ఆ గాలి నేరుగా తగులుతుంది. పడుకున్న చెట్టు మీద మాత్రం మంచు దుప్పటిలా కప్పుకుంటుంది. ఆ దుప్పటి కింద చలి అంత తీవ్రంగా ఉండదు. ఈ చిన్న ఉపాయం అర్థమైతే, ఉత్తరాది చలిలో పండ్లు కాయించే విద్య సగం అర్థమైనట్టే.

ఈ విషయం మన పాఠకులకు దూరంగా అనిపించవచ్చు. కానీ మన ఇళ్ల పిల్లలు ఇప్పుడు చదువుకో ఉద్యోగానికో ఫిన్లాండ్, స్వీడన్, నార్వే, కెనడా వెళ్తున్నారు. అక్కడ చిన్న పెరడు దొరికితే ఏదో ఒక మొక్క పెట్టాలనిపించడం మన వాళ్లకు సహజం. కొన్న మొక్క మొదటి చలికే చచ్చిపోతే తప్పు ఎక్కడ జరిగిందో తెలియదు. అందుకే అసలు కారణాల దగ్గర నుంచి చెప్పుకుందాం.

హద్దు ఎక్కడ?

ఉత్తర ధ్రువ వలయం సుమారు 66.5 డిగ్రీల అక్షాంశం దగ్గర మొదలవుతుంది. ఫిన్లాండ్‌లోని రొవనియేమి సరిగ్గా ఆ గీత దగ్గరే ఉంది. రష్యాలోని ముర్మాన్స్క్, నార్వేలోని త్రోమ్సో ఇంకా పైన ఉన్నాయి. కానీ చెట్టు లెక్క వేరు. ఏడాదిలో అతి వెచ్చని నెల సగటు వేడి 10 డిగ్రీలకు తగ్గే చోట మామూలు అడవి చెట్లే నిలబడలేవు. శాస్త్రవేత్తలు చెట్ల హద్దును చాలాకాలంగా ఇలాగే గుర్తిస్తున్నారు. ఆపిల్ లాంటి పండ్ల చెట్లకు అంతకంటే ఎక్కువ వేడి, అంతకంటే పొడవైన వేసవి కావాలి. కాబట్టి ధ్రువ వలయం లోపల పెద్ద పండ్ల తోటలు ఉంటాయని అనుకోకూడదు. అక్కడ ఎక్కువగా కనిపించేవి పొదల్లో కాసే బెర్రీలు. చెట్టు పండ్ల కోసం జరిగిన అసలు పోరాటం ఆ వలయానికి కాస్త దిగువన, సైబీరియాలోనూ ఉత్తర స్కాండినేవియాలోనూ కెనడా మైదానాల్లోనూ నడిచింది.

చలి చెట్టుకు శత్రువు మాత్రమే కాదు

ముందుగా ఒక అపోహ వదులుకోవాలి. ఆపిల్ చెట్టుకు చలి కావాలి. చాలా ఆపిల్ రకాలకు చలికాలంలో 7 డిగ్రీల లోపు చలి దాదాపు 800 నుంచి 1,200 గంటలు అందితేనే మొగ్గలు నిద్ర లేస్తాయి. చెన్నైలోనో బళ్లారిలోనో మామూలు ఆపిల్ మొక్క పెడితే కాయకపోవడానికి ఎండతోపాటు ఈ చలి లోటు కూడా కారణం. కొడైకెనాల్, నీలగిరి కొండల్లో పియర్, ప్లమ్ పండుతున్నాయంటే, అక్కడి కొద్దిపాటి చలితో సరిపెట్టుకునే రకాలు ఉండబట్టే. హిమాచల్ ప్రదేశ్‌కు చెందిన హరిమన్ శర్మ తయారుచేసిన హెచ్‌ఆర్‌ఎంఎన్-99 అనే ఆపిల్ రకం వేడి ప్రాంతాల్లోనూ కాస్తున్నదంటే దానికీ ఇదే కారణం.

అంటే మన వైపు సమస్య చలి చాలకపోవడం. ఉత్తరాదిలో సమస్య చలి ఎక్కువ కావడం, అంతకు మించి అది వేళ తప్పి రావడం. అక్కడ చెట్టును చంపేది నడి చలికాలపు తీవ్రత ఒక్కటే కాదు. శరదృతువులో చెట్టు సిద్ధం కాకముందే దిగే చలి, వసంతంలో మోసం చేసే ఎండ, వేరును పట్టే గడ్డకట్టిన నేల, ఇవన్నీ చంపుతాయి. ఒక్కొక్కటే చూద్దాం.

చెట్టు చలికి ఎలా సిద్ధమవుతుంది?

నీరు గడ్డకడితే పరిమాణం పెరుగుతుంది. కణం లోపలి నీరు గడ్డకడితే మంచు పలుకులు కణాన్ని చీల్చేస్తాయి, ఆ కణం చచ్చిపోతుంది. అందుకని చలి ప్రాంతపు చెట్టు శరదృతువులోనే జాగ్రత్త పడుతుంది. కణంలోని కొంత నీటిని బయటి సందుల్లోకి పంపుతుంది. లోపల చక్కెరలు, కొన్ని ప్రత్యేక ప్రొటీన్లు పెంచుకుంటుంది. బెల్లం పాకం మామూలు నీటికంటే ఆలస్యంగా గడ్డకడుతుందని వంటింట్లో తెలిసిందే. కణంలో జరిగేదీ అలాంటిదే. నీరు కణాల బయట గడ్డకట్టినా లోపలి ప్రాణం నిలుస్తుంది.

ఆపిల్ మాను లోపలి చెక్కలో ఇంకో విచిత్రం ఉంది. అక్కడి కొన్ని కణాల్లో నీరు సున్నా దాటి ఎంతో కిందికి దిగినా గడ్డకట్టకుండా ద్రవంగానే ఉండిపోతుంది. కానీ ఈ పద్ధతికి ఒక హద్దు ఉంది. సుమారు మైనస్ 40 డిగ్రీల దగ్గర ఆ నీరు ఒక్కసారిగా గడ్డకడుతుంది. అప్పుడు చెక్క నల్లబడి, చెట్టు పైభాగం ఎండిపోతుంది. అందుకే మైనస్ 40 అనే అంకె ఆపిల్ రైతుకు అంత భయం.

ఈ తయారీ ఒక్క రాత్రిలో జరిగేది కాదు, వారాలు పడుతుంది. బిర్చ్ లాంటి ఉత్తరాది అడవి చెట్లు పగలు తగ్గడం చూసి పెరుగుదల ఆపేస్తాయి. ఆపిల్, పియర్ చెట్లు పగటి పొడవు కంటే చలిని చూసి నిద్రకు సిద్ధమవుతాయని నార్వేలో జరిగిన ప్రయోగాలు తేల్చాయి. కాబట్టి సెప్టెంబర్ వెచ్చగా ఉండి, అక్టోబర్‌లో హఠాత్తుగా చలి విరుచుకుపడితే, లేత కొమ్మలతో ఉన్న చెట్టు నష్టపోతుంది. వేసవి చివర నత్రజని ఎరువు వేస్తే ఇదే ప్రమాదం. చెట్టు కొత్త చిగుళ్లు వేస్తుంది, అవి ముదరకముందే మంచు పడుతుంది. ప్రేమతో వేసిన ఎరువే ప్రాణం తీస్తుంది.

వసంతం ఇంకా ప్రమాదం

ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఉత్తరాదిలో ఎండ మొదలవుతుంది. నేలంతా మంచు కాబట్టి ఆ ఎండ అద్దం మీద పడినట్టు తిరిగి మాను మీద పడుతుంది. నైరుతి వైపు బెరడు మధ్యాహ్నం వెచ్చబడి మేల్కొంటుంది. సాయంత్రం సూర్యుడు దిగగానే మళ్లీ గడ్డకడుతుంది. ఇలా కొన్ని రోజులు జరిగితే బెరడు చిట్లి ఊడిపోతుంది. దీనికి మందు సున్నం పూత లాంటి తెల్ల పూతే. మన మామిడి, బత్తాయి తోటల్లో మానుకు సున్నం కొట్టడం చూశాం. అక్కడా తెల్లదనం ఎండను వెనక్కి పంపుతుంది, బెరడు పగలు వేడెక్కకుండా కాపాడుతుంది.

పువ్వు ఇంకా సున్నితం. చలికాలంలో ఎంతో చలిని భరించిన మొగ్గ వికసించాక మైనస్ 2 డిగ్రీలకే దెబ్బతినడం మొదలవుతుంది. మైనస్ 4 దగ్గర దాదాపు పూత అంతా పోతుంది. ఆ సంవత్సరం చెట్టు బతికే ఉంటుంది, కాయ మాత్రం ఉండదు. అందుకే ఉత్తరాది వారు లోతట్టు పల్లంలో తోట వేయరు. చల్లగాలి బరువైనది, నీళ్లలా పల్లానికి జారి నిలుస్తుంది. కాస్త వాలు ఉన్న చోటు, దక్షిణం వైపు ఇంటి గోడ పక్కన, పెద్ద సరస్సు ఒడ్డు అయితే నయం. నార్వేలోని హార్డాంగర్ ప్రాంతం 60 డిగ్రీల అక్షాంశంలో ఉన్నా పండ్ల తోటలకు పేరుపొందింది. సముద్రపు వెచ్చటి ప్రవాహం, లోతైన సముద్రపు పాయల నీరు, ఎండ తగిలే కొండ వాలు కలిసి ఆ పని చేస్తాయి. అదే అక్షాంశంలో సైబీరియా నడిబొడ్డున అలాంటి తోట ఊహించలేం.

వేరు సంగతి ఎవరూ చూడరు

చెట్టులో చలికి అన్నిటికంటే బలహీనమైన భాగం వేరు. కొమ్మ మైనస్ 30ని తట్టుకున్న చెట్టుకైనా వేరు చుట్టూ నేల మైనస్ 10 దాటి చల్లబడితే ప్రమాదమే. మంచు దట్టంగా కప్పితే నేల అంత చల్లబడదు. మంచులో చిక్కుకున్న గాలి దూది పరుపులా పనిచేస్తుంది. మంచు పడకుండా ఎండు చలి వచ్చిన ఏడాది మాత్రం వేర్లు చచ్చిపోతాయి. వసంతంలో కొమ్మలు చిగురిస్తాయి, జూన్‌కల్లా వాడిపోతాయి. రైతుకు కారణం అంతుపట్టదు. కుండీల్లో పెట్టి బయట వదిలేసిన మొక్కలు చచ్చేదీ ఇందుకే. కుండీలో వేరుకు నేల రక్షణ ఉండదు.

అందుకే మొక్క కొనేటప్పుడు పై రకం పేరు మాత్రమే చూస్తే చాలదు. అంటు మొక్కలో కింద ఉన్న వేరు ఏ జాతిదో అడగాలి. చలి ప్రాంతాల్లో సైబీరియా క్రాబ్ ఆపిల్ వేరు, రష్యాకు చెందిన అంతోనొవ్కా ఆపిల్ విత్తనపు వేరు ఎక్కువగా వాడతారు. చెట్టు పొట్టిగా ఉండాలంటే బి9 అనే వేరు ఉంది. దాన్ని రష్యాలోని మిచూరిన్స్క్‌లో బుదగోవ్‌స్కీ అనే శాస్త్రవేత్త తయారుచేశారు.

మిచూరిన్ చేసిన తప్పు, నేర్చిన పాఠం

ఆ ఊరి పేరు వెనక ఒక కథ ఉంది. ఇవాన్ మిచూరిన్ 1855లో పుట్టారు. మాస్కోకు ఆగ్నేయాన ఉన్న కొజ్లోవ్ ఊళ్లో రైల్వేలో చిన్న ఉద్యోగం చేస్తూ, గడియారాలు బాగుచేస్తూ, వచ్చిన డబ్బుతో పండ్ల మొక్కలు పెంచారు. దక్షిణాది తియ్యటి పండ్లను ఉత్తరానికి తేవాలని ఆయన కోరిక. చలి తట్టుకునే వేరు మీద దక్షిణాది కొమ్మను అంటు కడితే, ఆ కొమ్మ మెల్లగా చలికి అలవాటు పడుతుందని అప్పట్లో చాలామంది నమ్మేవారు. మిచూరిన్ కూడా నమ్మి ఏళ్ల తరబడి అంట్లు కట్టారు. గట్టి చలికాలాలు వచ్చి ఆ చెట్లలో ఎక్కువ భాగాన్ని తీసుకుపోయాయి. వేరు బతికింది, కొమ్మ చచ్చింది. అలవాటు చేయడం వల్ల కొమ్మ గుణం మారలేదు.

అప్పుడు ఆయన దారి మార్చారు. దక్షిణాది చెట్టు పుప్పొడిని చలి ప్రాంతపు చెట్టు పువ్వుకు పెట్టి, వచ్చిన విత్తనాలు మొలకెత్తించి, వేల మొక్కల్లోంచి బతికినవి ఏరుకున్నారు. దూర ప్రాచ్యపు అడవి ఉస్సూరి పియర్‌ను దక్షిణాది బేరి రొయాల్ పియర్‌తో కలిపి చలికి నిలిచే పియర్ రకాన్ని సాధించారు. మొక్కలు సుఖానికి అలవాటు పడకూడదని సారం తక్కువైన నేలకు తోటనే మార్చారు. 1932లో, ఆయన బతికుండగానే, కొజ్లోవ్‌కు మిచూరిన్స్క్ అని పేరు పెట్టారు. 1935లో ఆయన చనిపోయారు. తర్వాత లైసెంకో మిచూరిన్ పేరు వాడుకుని సోవియట్ జన్యుశాస్త్రాన్ని అణిచివేయడం వేరే విషాదం. అంటు గురించి మిచూరిన్ చెప్పినవన్నీ నిలబడలేదు కూడా. కానీ సంకరం చేసి, ఏరి, బతికినదాన్ని పెంచాలన్న ఆయన పద్ధతి నిలబడింది.

ఇదే సమయంలో సముద్రానికి అవతల కూడా ఇదే దారి తొక్కారు. 1880ల చివర కెనడాలో విలియం సాండర్స్ సెయింట్ పీటర్స్‌బర్గ్ నుంచి సైబీరియా క్రాబ్ ఆపిల్ విత్తనాలు తెప్పించి, ఆ చెట్లను మంచి ఆపిళ్లతో కలిపారు. అమెరికాలో దక్షిణ డకోటాకు చెందిన నీల్స్ హాన్సెన్ 1897లో రష్యా వెళ్లి విత్తనాలు తెచ్చారు. వాటి నుంచి వచ్చిన డోల్గో అనే క్రాబ్ ఆపిల్ ఇప్పటికీ ఉత్తరాది పెరళ్లలో ఉంది.

సైబీరియా క్రాబ్ ఆపిల్ కాయ బఠాణీ గింజంత ఉంటుంది, పులుపూ వగరూ. తినడానికి పనికిరాదనే అనాలి. కానీ మైనస్ 50 చలిలో కూడా ఆ చెట్టు బతుకుతుంది. దాన్ని పెద్ద ఆపిల్‌తో కలిపితే మొదటి తరంలో ఉసిరికాయంత పండు వస్తుంది. సైబీరియాలో దాన్ని రనెత్కా అంటారు, ఎక్కువగా మురబ్బాకూ రసానికీ వాడతారు. ఆ తరాన్ని మళ్లీ పెద్ద ఆపిల్‌తో కలిపితే ఇంకొంచెం పెద్దది, తినదగ్గది వస్తుంది. ప్రతిసారీ పండు పెరిగినకొద్దీ చలికి తట్టుకునే శక్తి కొంత తగ్గుతుంది. ఎక్కడ ఆగాలన్నదే పెంచేవారి నేర్పు.

పడుకోబెట్టే పద్ధతి

పెద్ద పండే కావాలనుకున్న వారికి క్రుతోవ్‌స్కీ దారి మిగిలింది. ఏడాది మొక్కను నిటారుగా కాక ఏటవాలుగా నాటుతారు. లేత కొమ్మలను మొదటి రెండు మూడేళ్లు నేలవైపు వంచి కొక్కేలతో బిగిస్తారు. పైకి లేచే కొమ్మను వేసవిలోనే వంచడమో కత్తిరించడమో చేస్తారు. చెట్టు ఎత్తు ఎప్పుడూ మంచు లోతుకు మించకూడదు. చలికాలానికి ముందు కొమ్మల మీద ఆకులో దేవదారు మండలో పరిస్తే మంచు చక్కగా నిలుస్తుంది.

దీనికీ ఒక చిక్కు ఉంది. నేల గడ్డకట్టకముందే దట్టమైన మంచు పడితే, లోపల వెచ్చగా చెమ్మగా ఉండి మాను మొదట్లో బెరడు కుళ్లిపోతుంది. ప్లమ్, చెర్రీ చెట్లకు ఈ బాధ ఎక్కువ. అందుకని సైబీరియా తోటమాలులు మొదలు చుట్టూ మంచును తొక్కుతారు, లేదా కర్రతో నేల దాకా బొక్కలు పొడిచి చలిని లోపలికి పంపుతారు. చలి నుంచి కాపాడబోయి చెట్టును ఉడకబెట్టకూడదు. మంచు కింద ఎలుకలు బెరడు కొరికేస్తాయి కాబట్టి మాను చుట్టూ సన్నటి ఇనుప జల్లెడ కూడా కడతారు.

చెట్టు వద్దు, పొద మేలు

ధ్రువ వలయం దగ్గరికి వెళ్లినకొద్దీ తెలివైన వారు చెట్టును వదిలి పొదను పట్టుకుంటారు. పొద మంచు కింద దాక్కుంటుంది. పైభాగం చచ్చినా మొదటి నుంచి మళ్లీ లేస్తుంది. ఉత్తర స్వీడన్‌లోని ఒయెబిన్ పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన నల్ల కరెంట్ రకం ఆ ఊరి పేరుతోనే ప్రసిద్ధి. సైబీరియాలోని అల్తాయ్‌లో 1930ల నుంచి మిఖాయిల్ లిసవెంకో, ఆయన బృందం సీబక్‌థార్న్‌ను తోట పంటగా మార్చారు. మన లద్దాఖ్‌లో లేహ్ బెర్రీ పేరుతో అమ్మేది ఈ పండే. హాస్కాప్ అనే నీలి బెర్రీ పువ్వు మైనస్ 7 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. ఆపిల్ పువ్వుతో పోల్చి చూడండి. కెనడాలోని సస్కాచెవాన్ విశ్వవిద్యాలయం మంగోలియా చెర్రీతో సంకరం చేసిన పొట్టి పుల్ల చెర్రీని 1999లో కార్మైన్ జువెల్ పేరుతో విడుదల చేసింది. అదీ పొదలాగే పెరుగుతుంది.

అక్కడ మొక్క పెట్టే మన వాళ్లకు

కొన్ని మాటలు గుర్తుంచుకుంటే చాలు. మొక్క మీద చలి మండలం అంకె ఉంటుంది. ఫిన్లాండ్, స్వీడన్‌లలో 1 నుంచి 8 దాకా మండలాలు, అంకె పెరిగినకొద్దీ చలి ఎక్కువ. కెనడా, అమెరికాలలో లెక్క తలకిందులు, అంకె తగ్గినకొద్దీ చలి ఎక్కువ. ఒక దేశపు అంకెను ఇంకో దేశంలో వాడితే మొక్క దక్కదు.

వసంతంలో నాటండి, చలికి ముందు వేరు కుదురుకోవడానికి ఒక వేసవి మొత్తం దొరుకుతుంది. జూలై తర్వాత నత్రజని ఎరువు వేయకండి. ఆపిల్‌కు సాధారణంగా తన రకం పుప్పొడి పనికిరాదు, పక్కన ఇంకో రకమో క్రాబ్ ఆపిల్ చెట్టో ఉండాలి. తొందరగా పండే రకమే ఎంచుకోండి, లేకపోతే కాయ పచ్చిగా ఉండగానే మంచు వస్తుంది. అన్నిటికంటే ముందు పక్కింటి వారి పెరడు చూడండి. అక్కడ ఇరవై ఏళ్లుగా కాస్తున్న చెట్టు ఏ పుస్తకం కంటే నమ్మదగిన సాక్షి. వారు ఇస్తే ఒక కొమ్మ అడిగి అంటు కట్టుకోండి.

వేడెక్కినంత మాత్రాన మేలు కాదు

భూమి వేడెక్కుతోంది కదా, ఉత్తరాదిలో ఇక పండ్లు సులువు అని కొందరంటారు. 1979 నుంచి ఉత్తర ధ్రువ ప్రాంతం ప్రపంచ సగటుకంటే దాదాపు నాలుగు రెట్ల వేగంతో వేడెక్కిందని 2022లో వచ్చిన అధ్యయనం చెప్పింది. వేసవి పొడవు పెరగడం నిజమే. కానీ చెట్టుకు కావలసింది నిలకడ. నడి చలికాలంలో వారం రోజులు వెచ్చబడి వాన పడితే మంచు దుప్పటి కరిగిపోతుంది. తర్వాత వచ్చే చలి వేరును నేరుగా పడుతుంది. వసంతం ముందే వస్తే పూతా ముందే వస్తుంది, ఆ తర్వాత ఒక్క రాత్రి గడ్డకడితే పంట పోతుంది. పదేళ్లు పెంచిన చెట్టు ఒక్క వారంలో పోవచ్చు. మంచును నమ్ముకుని బతికిన తోటకు మంచు తగ్గడమే ఆపద.

సైబీరియాకు వలస వెళ్లిన రైతులు తమ ఊరి ఆపిల్ అక్కడా కాయాలని కోరుకున్నారు. ఊరి చెట్టు యథాతథంగా బతకలేదు. అక్కడి అడవి చెట్టు యథాతథంగా తినడానికి పనికిరాలేదు. రెండూ కలిసిన విత్తనంలోంచి వచ్చినదే నిలిచింది. తరాల క్రితం వలస వచ్చి, ఇక్కడి నేలలో వేరు పెట్టుకుని, తెలుగు మాట నిలుపుకున్న మన ఇళ్లకు ఈ సంగతి కొత్త కాదు. ఉత్తరాదిలో ఉన్న మన పిల్లలు ఈసారి ఫోన్ చేసినప్పుడు, మొక్క పై రకంతో పాటు వేరు ఏ జాతిదో కూడా అడగమని చెప్పండి.